జాన్ వెస్లీ

జాన్ వెస్లీ (జూన్ 17, 1703 - మార్చి 2, 1791) ఇంగ్లాండుకు చెందిన క్రైస్తవ మతగురువు, సంచార ప్రబోధకుడు, గ్రంథకర్త. తమ్ముడు చార్లెస్ వెస్లీతో కలిసి మెథడిస్టు ఉద్యమాన్ని నెలకొల్పాడు. విశ్వాసం ద్వారా రక్షణ పొందిన క్రైస్తవుడు ఆ రక్షణను తిరిగి పోగొట్టుకొనగలడా అనే ప్రశ్న ప్రొటెస్టెంటు సంఘాలలో నాలుగు వందల సంవత్సరాలకు పైగా నలుగుతున్నది. పోగొట్టుకొనగలడని, అయితే పోగొట్టుకొన్నవాడు మరల పొందగలడని బోధించిన వారిలో వెస్లీ ప్రముఖుడు. ఈ బోధ కారణంగా ఇతనికి ఆప్తమిత్రుడైన జార్జి విట్‌ఫీల్డుతో విభేదం ఏర్పడి ఉద్యమమే రెండుగా చీలింది. పూర్వపు నిజాం రాజ్యంలోని మెదక్, నిజామాబాదు ప్రాంతాలకు ప్రొటెస్టెంటు క్రైస్తవం ప్రధానంగా వెస్లీ అనుయాయుల ద్వారానే చేరింది. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో జాన్ వెస్లీ అనే పేరు నేటికీ విరివిగా వినిపిస్తుంది.

బాల్యం, విద్య

వెస్లీ ఇంగ్లాండులోని లింకన్‌షైరుకు చెందిన ఎప్‌వర్త్ అనే గ్రామంలో జన్మించాడు. (పైన ఇచ్చిన జన్మదినం అప్పటి పాత పంచాంగం ప్రకారం, కొత్త లెక్కలో అది జూన్ 28 అవుతుంది.) తండ్రి శామ్యూల్ వెస్లీ ఆ ఊరి చర్చి గురువు. తల్లి సుసన్నా. వారికి కలిగిన 19 మంది సంతానంలో జాన్ 15వ వాడు. వీరిలో చాలామంది పసితనంలోనే మరణించారు. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి వీరి ఇల్లు తగలబడింది. అందరూ బయటపడిన తరువాత ఐదేళ్ళ జాన్ మేడమీద చిక్కుకొనిపోగా, ఇరుగుపొరుగువారు ఒకరి భుజాలపై ఒకరు నిలబడి కిటికీలోనుండి అతనిని దించారు. ఆ వెంటనే కప్పు కూలిపోయింది. మంటలలోనుండి లాగబడిన కొరవిగా వెస్లీ తనను తాను జీవితాంతం భావించుకొన్నాడు.

1714లో లండనులోని చార్టర్‌హౌస్ పాఠశాలలో, 1720లో ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాలలో చేరాడు. 1726లో లింకన్ కళాశాలకు ఫెలోగా ఎన్నికయ్యాడు. 1728లో ఆంగ్లికన్ సంఘంలో గురువుగా అభిషేకం పొందాడు. 1729లో తమ్ముడు చార్లెస్ మొదలుపెట్టిన విద్యార్థుల ప్రార్థనా బృందానికి జాన్ నాయకుడయ్యాడు. ఉపవాసాలు, చెరసాల సందర్శనలు, గడియారం ప్రకారం ప్రార్థనలు చేసే వీరిని తోటి విద్యార్థులు ఎగతాళిగా పద్ధతిగాళ్ళు అనే అర్థంలో మెథడిస్టులు అన్నారు. ఆ వెక్కిరింపే తరువాత ఉద్యమానికి పేరుగా స్థిరపడింది. జార్జి విట్‌ఫీల్డు ఈ బృందంలోనే వెస్లీ సోదరులకు పరిచయమయ్యాడు.

1725లో, అభిషేకానికి సిద్ధపడుతున్న రోజులలో, వెస్లీ తన తల్లితో నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఇక్కడ గమనింపదగినవి. కొందరిని రక్షణకు, మిగిలినవారిని నాశనానికి దేవుడు ముందే నిర్ణయించాడన్న కఠినమైన సిద్ధాంతం పాపానికి దేవుణ్ణే కర్తగా చేస్తుందని సుసన్నా కుమారునికి వ్రాసింది. ఆమె తండ్రి పేరుపొందిన ప్యూరిటన్ బోధకుడు. అటువంటి ఇంట పుట్టిన స్త్రీ స్వయంగా ఆలోచించి ఈ నిర్ణయానికి రావడం సామాన్యమైన విషయం కాదు. వెస్లీ వేదాంతానికి తొలి గురువు తల్లి అని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

జార్జియా, ఆల్డర్స్‌గేట్

1735 అక్టోబరులో వెస్లీ అమెరికాలోని జార్జియా వలసకు మతగురువుగా బయలుదేరాడు. దారిలో తుపాను చెలరేగినపుడు ఓడలోని ఆంగ్లేయులు కేకలు పెడుతుండగా, జర్మనీ నుండి వస్తున్న మొరేవియన్ క్రైస్తవులు స్త్రీలు, పిల్లలతో సహా నిశ్చలంగా కీర్తనలు పాడుతూ ఉండిపోయారు. మరణమంటే తనకున్న భయం వారికి ఎందుకు లేదన్న ప్రశ్న అప్పటినుండి అతనిని వదలలేదు. జార్జియాలో అతని పని విఫలమైంది. సోఫియా హాప్కీ అనే యువతితో వివాహ ప్రయత్నం బెడిసి, ఆమె వేరొకరిని పెండ్లాడిన తరువాత వెస్లీ ఆమెకు ప్రభురాత్రి భోజన సంస్కారం నిరాకరించాడు. విషయం న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1737 డిసెంబరులో అతడు ఆ వలసను విడిచి వచ్చేశాడు.

లండనులో పీటర్ బోలర్ అనే మొరేవియన్ బోధకుని సాంగత్యం వలన, రక్షణ కేవలం విశ్వాసం ద్వారా కలుగుతుందని వెస్లీ గ్రహించాడు. 1738 మే 24 సాయంకాలం ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక కూటంలో, రోమీయులకు వ్రాసిన పత్రికకు లూథరు కూర్చిన పీఠికను ఎవరో చదువుతుండగా, తన హృదయం వింతగా వెచ్చబడినట్లు, తన పాపాలు క్షమింపబడినాయన్న నిశ్చయత తనకు కలిగినట్లు అతడు దినచర్యలో వ్రాసుకొన్నాడు. మెథడిస్టులు నేటికీ ఆ దినాన్ని స్మరించుకొంటారు.

కాని కథ అక్కడితో ముగియలేదు. 1739 జనవరిలో, అంటే ఎనిమిది నెలలు కూడా తిరగకముందే, తాను ఇప్పుడు క్రైస్తవుణ్ణి కానని అదే దినచర్యలో వ్రాసుకొన్నాడు. తనలో దేవునిపట్ల ప్రేమ గాని, సమాధానం గాని, సంతోషం గాని కనిపించడం లేదని ఆ వ్రాతల సారాంశం. రక్షణ పోగొట్టుకొనడమనేది వెస్లీకి గ్రంథాలలో చదివిన చర్చ మాత్రమే కాదని దీనివలన తెలుస్తుంది.

వివాదానికి పూర్వరంగం

16వ శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్ బోధ ప్రకారం దేవుడు ఎన్నుకొన్నవారు కడవరకు నిలుస్తారు; వారు పడిపోయినట్లు కనిపించినా శాశ్వతంగా నశించరు. దీనిని పరిశుద్ధుల స్థిరత్వం అంటారు. డచ్చి వేదాంతి జాకోబస్ ఆర్మీనియస్ (1560-1609) ముందస్తు నిర్ణయ సిద్ధాంతాన్ని ప్రశ్నించాడు. విశ్వాసి పడిపోగలడా అన్న విషయంలో మాత్రం అతడు గాని, 1610లో అతని శిష్యులు సమర్పించిన విజ్ఞాపన గాని తుది మాట చెప్పలేదు. 1618-19లో డోర్ట్ నగరంలో జరిగిన మహాసభ ఆర్మీనియన్ల వాదాన్ని తిరస్కరించి స్థిరత్వాన్ని అధికారిక బోధగా ప్రకటించింది. ఆర్మీనియస్ తెరచి ఉంచిన ప్రశ్నకు నూరేళ్ళ తరువాత వెస్లీ స్పష్టమైన జవాబు ఇచ్చాడు.

విట్‌ఫీల్డుతో విభేదం

1739 ఏప్రిల్‌లో విట్‌ఫీల్డు ప్రోత్సాహంతోనే వెస్లీ బ్రిస్టల్‌లో ఆరుబయట బోధించడం ప్రారంభించాడు. చర్చి గడప తొక్కని బొగ్గుగని కార్మికులు వేల సంఖ్యలో వినవచ్చారు. ఆ నెలలోనే అతడు ముందస్తు నిర్ణయాన్ని ఖండిస్తూ, దేవుని కృప అందరికీ ఉచితమని ఒక ప్రసంగం చేశాడు. దానిని అచ్చువేయాలా వద్దా అన్న సందేహం తీర్చుకొనడానికి చీటీలు వేశాడు. ఎంతటి తర్కశాస్త్ర పండితునికైనా ఇటువంటి అలవాట్లు ఉంటాయి కాబోలు! ప్రసంగం అచ్చయింది. కాల్విన్ మతాన్ని అవలంబించిన విట్‌ఫీల్డు 1740 డిసెంబరులో అమెరికానుండి దానికి ప్రత్యుత్తరం వ్రాశాడు. రక్షణ మనిషి నిలుపుకొనే దానిమీద ఆధారపడితే ఏ విశ్వాసికీ నిమ్మళం ఉండదని అతని బాధ. రక్షణ ఎలాగూ పోదని చెబితే పాపానికి అడ్డు ఉండదని వెస్లీ భయం. ఇద్దరి మాటలోనూ శ్రోతల క్షేమమే ఉన్నదని ఒప్పుకొనక తప్పదు.

1741 ఫిబ్రవరిలో, విట్‌ఫీల్డు వెస్లీకి వ్రాసిన ఒక ఆంతరంగిక లేఖను ఎవరో ఇద్దరి అనుమతీ లేకుండా అచ్చువేసి, లండనులో వెస్లీ ప్రార్థనా మందిరమైన ఫౌండ్రీ వాకిట పంచిపెట్టారు. వెస్లీ ప్రసంగ వేదికపై నిలబడి, విట్‌ఫీల్డు ఇక్కడ ఉంటే ఏమి చేసేవాడో తానూ అదే చేస్తానని చెప్పి ఆ కాగితాన్ని ముక్కలుగా చించివేశాడు. సభికులందరూ అలాగే చేశారు. రెండు నిమిషాలలో ఒక్క ప్రతి కూడా మిగలలేదట. అయినా చీలిక ఆగలేదు. ఆ సంవత్సరమే ఉద్యమం రెండు శాఖలైంది. వేల్సులోని మెథడిస్టులు, హంటింగ్‌డన్ ప్రభ్వి సెలీనా కాల్విన్ పక్షం వహించారు. కొంత కాలానికి మిత్రులిద్దరి మధ్య వ్యక్తిగత స్నేహం తిరిగి ఏర్పడింది. 1770లో విట్‌ఫీల్డు అమెరికాలో మరణించినపుడు లండనులో సంస్మరణ ప్రసంగం చేసినది వెస్లీయే. ఆ ప్రసంగంలో వివాదాంశాలను ఎత్తకపోవడం కొందరు కాల్వినిస్టులకు కోపం తెప్పించింది.

రక్షణ పోగొట్టుకొనడంపై వెస్లీ బోధ

1751లో పరిశుద్ధుల స్థిరత్వంపై వెస్లీ ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. ఒలీవ చెట్టుకు అంటుకట్టబడిన కొమ్మలు నరికివేయబడవచ్చునని రోమీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయం, ఫలించని తీగెలు పారవేయబడునని యోహాను సువార్త 15వ అధ్యాయం, నీతిమంతుడు నీతిని విడిచిన యెడల తన పాపంలో చచ్చునని యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయం చెబుతున్నవి గదా అని అతడు చూపాడు. తన గొర్రెలను ఎవరూ తన చేతిలోనుండి అపహరింపలేరని క్రీస్తు చెప్పిన మాట కాల్వినిస్టులకు ప్రధానాధారం. ఆ వాగ్దానం ఆయన స్వరం విని ఆయనను వెంబడించే గొర్రెలకే గాని, వెంబడించడం మానిన వాటికి కాదని వెస్లీ సమాధానం.

పడిపోవడం ఒక్కసారిగా జరగదని కూడా అతడు బోధించాడు. 1748లో ప్రచురించిన ఒక ప్రసంగంలో దావీదు రాజు ఉదంతాన్ని మెట్టు మెట్టుగా విడదీశాడు. మొదట శోధన వస్తుంది, లోపలినుండి హెచ్చరిక వినిపిస్తుంది, మనిషి దానిని పూర్తిగా పాటించక కొంత చోటు ఇస్తాడు, పరిశుద్ధాత్మ దుఃఖపడతాడు, విశ్వాసం బలహీనమై ప్రేమ చల్లారుతుంది, చివరకు బాహ్యంగా పాపం జరుగుతుంది. అంటే పాపం వలన విశ్వాసం పోవడం కాదు, విశ్వాసం ముందే సన్నగిల్లినందువలన పాపం జరుగుతుందని అతని వివరణ.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయంలో, ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవారిని మరల మారుమనస్సు పొందేలా చేయడం అసాధ్యమని అర్థమిచ్చే మాట ఉంది. ఎందరో విశ్వాసులు ఈ మాట చదివి తమకిక నిష్కృతి లేదని కుమిలిపోయేవారు. వారికోసం వెస్లీ 1778లో ఒక ప్రసంగం వ్రాశాడు. ఆ హెచ్చరిక క్రీస్తును బహిరంగంగా, బుద్ధిపూర్వకంగా త్రోసిపుచ్చి ఆయనను మోసగాడని ప్రకటించినవారికే వర్తిస్తుంది గాని, బలహీనతవలన జారిపడినవారికి కాదని అందులో వివరించాడు. పడిపోయి, తిరిగి లేచి, మునుపటికంటె దృఢంగా నిలిచినవారిని తాను ఎందరినో ఎరుగుదునని తన అనుభవాన్నే సాక్ష్యంగా ఉంచాడు. తర్కంలో ప్రత్యర్థులను ఓడించిన పుస్తకాలకంటె ఇది విలువైనదని చెప్పవచ్చు.

తరగతి సమావేశాలు

విశ్వాసి పడిపోయే ప్రమాదమున్నదని నమ్మినవాడు కాపలా ఏర్పాటు చేయక తప్పదు. ఈ ఏర్పాటు అనుకోకుండా దొరికింది. 1742లో బ్రిస్టల్ మందిరంపై ఉన్న అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండుమంది చొప్పున విభజించి, ఒక్కొక్కరినుండి వారానికి ఒక పెన్నీ వసూలు చేయాలని నిర్ణయించారు. ఇంటింటికీ వెళ్ళిన వసూలుదార్లకు సభ్యుల నడవడి, కుటుంబ కలహాలు, తాగుడు అన్నీ కంటబడ్డాయి. తాను ఇంతకాలం వెదుకుతున్నది ఇదేనని వెస్లీ గుర్తించాడు. వసూలు గుంపులు తరగతులైనాయి. వారానికొకసారి నాయకుని ఎదుట ప్రతి సభ్యుడూ తన ఆత్మస్థితి చెప్పుకోవాలి. మూడు నెలలకొకసారి విచారణ జరిపి, యోగ్యులకు టిక్కెట్లు ఇచ్చేవారు. టిక్కెట్టు దొరకనివాడు సభ్యుడు కాడు.

1743లో న్యూకాజిల్ సంఘంలో ఇలా 64 మందిని తొలగించినట్లు వెస్లీ దినచర్య తెలుపుతున్నది. ఆ జాబితా చదవదగినది. తాగుడు వలన 17 మంది, సారా అమ్మినందుకు ఇద్దరు, తిట్లు ఒట్లు పలికినందుకు ఇద్దరు, విశ్రాంతి దినాన్ని అలవాటుగా మీరినందుకు ఇద్దరు, కొట్లాటలకు ముగ్గురు, బుద్ధిపూర్వకంగా అబద్ధాలాడినందుకు ముగ్గురు, పరనిందకు నలుగురు, భార్యను కొట్టినందుకు ఒకడు, సోమరితనానికి ఒకడు. మిగిలిన 29 మంది చేసిన తప్పు కేవలం నిర్లక్ష్యం, తేలికతనం. ఘోరపాపులకంటె అజాగ్రత్తపరులే ఎక్కువ! అయితే తొలగింపుతో తలుపు మూయలేదు. జారిపడి పశ్చాత్తాపపడినవారికి వెస్లీ ప్రత్యేకమైన కూటాలు నడిపించాడు.

డిసెంబరు 31 రాత్రి నేడు తెలుగు క్రైస్తవులు జరుపుకొనే జాగరణ కూటానికి కూడా మూలాలు ఈ ఉద్యమంలో ఉన్నాయి. పూర్వం రాత్రంతా సారాకొట్లలో గడిపిన కింగ్స్‌వుడ్ గని కార్మికులు, మారిన తరువాత ఆ రాత్రులను ప్రార్థనలో గడపడం మొదలుపెట్టగా, వెస్లీ దానిని అన్ని సంఘాలకూ వ్యాపింపజేశాడు. విశ్వాసులు తమ అంకితభావాన్ని పునరుద్ధరించుకొనే నిబంధన ఆరాధనను 1755లో ప్రవేశపెట్టాడు.

అభిప్రాయంలో మార్పు

వెస్లీ ఈ విషయంలో మొదటినుండి ఒకే మాటమీద ఉన్నాడనుకోవడం పొరపాటు. 1743లో కాల్వినిస్టులతో రాజీకి ప్రయత్నిస్తూ, ఈ జీవితంలోనే మనిషి ఇక పడిపోవడానికి వీలులేని ఒక ఉన్నతస్థితి ఉన్నదని నమ్మడానికి తాను మొగ్గుతున్నట్లు వ్రాశాడు. 1760 దశకం తొలినాళ్ళలో లండను సంఘంలో అనేకులు తాము సంపూర్ణ పరిశుద్ధత పొందినట్లు సాక్ష్యమిచ్చారు. వారిలో జార్జి బెల్ అనేవాడు 1763 ఫిబ్రవరి 28న లోకాంతమవుతుందని ప్రవచించి సంఘాన్ని నవ్వులపాలు చేశాడు. సాక్ష్యమిచ్చినవారిలో పలువురు తరువాత ఆ స్థితిని నిలుపుకొనలేకపోయారు. దీనితో వెస్లీ తన పూర్వాభిప్రాయాన్ని విడిచి, ఎంత ఉన్నతస్థితి పొందినవాడైనా పడిపోగలడని 1767లో నిర్ద్వంద్వంగా వ్రాశాడు. కళ్ళెదుట జరిగినదానిని బట్టి తన మాట దిద్దుకొనడం అతనిలోని మంచి గుణం.

1766 జూన్‌లో చార్లెస్‌కు వ్రాసిన లేఖలో, కొంత భాగం సంకేతలిపిలో దాచి, తాను దేవుణ్ణి ప్రేమించడం లేదని, ఎన్నడూ ప్రేమించలేదని జాన్ ఒప్పుకొన్నాడు. అయినా బోధ మానే ధైర్యం తనకు లేదని కూడా అందులోనే ఉంది. అరవై మూడేళ్ళ వయసులో, వేలమందికి నిశ్చయత బోధించిన మనిషి వ్రాసిన మాటలివి. పండితులు వీటిని పలువిధాలుగా వ్యాఖ్యానించారు. అది విశ్వాసం కోల్పోవడం కాదని, ఆత్మపరీక్షలోని కాఠిన్యమని పలువురి అభిప్రాయం.

టాప్లడీతో వివాదం

1769లో అగస్టస్ టాప్లడీ అనే యువ మతగురువు ముందస్తు నిర్ణయాన్ని సమర్థించే ఒక లాటిన్ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. మరుసటి సంవత్సరం వెస్లీ దానిని సంక్షిప్తం చేస్తూ, ఎన్నికైనవారు ఏమి చేసినా రక్షింపబడతారు, కానివారు ఏమి చేసినా నశిస్తారు అన్న తాత్పర్యాన్ని తానే చేర్చి, కింద టాప్లడీ పేరులోని పొడి అక్షరాలు పెట్టాడు. ఇది న్యాయమైన పని కాదు. టాప్లడీ తీవ్రమైన భాషలో బదులిచ్చాడు. ఈ కలహం 1778లో అతని మరణంతోనే ముగిసింది. వెస్లీ పక్షాన గౌరవప్రదంగా వాదించినవాడు స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లాండులో స్థిరపడిన జాన్ ఫ్లెచర్. 1771నుండి అతడు వ్రాసిన గ్రంథమాల మెథడిస్టు వేదాంతానికి ఆధారమైంది. 1778లో వెస్లీ ఆర్మీనియన్ మాగజైన్ అనే మాసపత్రిక ప్రారంభించాడు.

ఇతర కార్యాలు, మరణం

వెస్లీ తన జీవితకాలంలో, ఎక్కువగా గుర్రంమీదనే, రెండున్నర లక్షల మైళ్ళు ప్రయాణించి నలభై వేల ప్రసంగాలు చేశాడని సాధారణంగా అంచనా వేస్తారు. 1747లో బీదలకోసం గృహవైద్య గ్రంథం, 1774లో బానిసత్వాన్ని ఖండిస్తూ పుస్తకం వ్రాశాడు. 1751లో మేరీ వాజెయిల్ అనే వితంతువును వివాహమాడాడు గాని, ఆ కాపురం సుఖంగా సాగలేదు. 1784లో అమెరికా సంఘానికి మతసూత్రాలు కూర్చినపుడు, ఆంగ్లికన్ల 39 సూత్రాలలో ముందస్తు నిర్ణయాన్ని గూర్చిన 17వ సూత్రాన్ని తొలగించి, కృపనుండి తొలగిపోయినవాడు దేవుని కృపవలన తిరిగి లేవగలడని చెప్పే సూత్రాన్ని మాత్రం నిలుపుకొన్నాడు. 1791 మార్చి 2న లండనులో 87 ఏళ్ళ వయసులో మరణించాడు. సిటీ రోడ్డులో తాను కట్టించిన మందిరం వెనుక అతనిని సమాధి చేశారు. ఆంగ్లికన్ గురువుగానే జీవించి, గురువుగానే మరణించాడు. మెథడిస్టులు ప్రత్యేక సంఘంగా పూర్తిగా విడిపోయినది ఆ తరువాతనే.

తెలుగునాట వెస్లీ వారసత్వం

19వ శతాబ్ది చివరి పాదంలో వెస్లియన్ మెథడిస్టు మిషను సికిందరాబాదు కేంద్రంగా నిజాం రాజ్యంలో పని ఆరంభించింది. 1895లో వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌ను కేంద్రంగా చేసుకొన్నాడు. అతని ఆధ్వర్యంలో నిర్మించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. దాని శిఖరం ఎత్తు 175 అడుగులు. నిజామాబాదు జిల్లాలో ఈ మిషనుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో డిచ్‌పల్లి వద్ద కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పింది. నిజామాబాదుకు చెందిన దాత రాజా నర్సాగౌడ్ దీనికి తోడ్పడ్డాడు. పసుపు వ్యాపారానికి పేరుపొందిన ఆర్మూరు, డిచ్‌పల్లికి ఉత్తరాన అదే జాతీయ రహదారిమీద ఉన్నది.

తెలుగు ప్రాంతాలలో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులు మిషనునుబట్టి మారినవి. 1836లో వచ్చిన బౌడన్, బీర్ అనే మిషనరీలు గోదావరి మండలంలో స్థాపించిన బ్రదరెన్ సంఘాలలోను, బాప్టిస్టులలోను నిజమైన విశ్వాసి రక్షణ కోల్పోడన్న బోధ బలంగా ఉంది. గుంటూరు, రాజమండ్రి ప్రాంతపు లూథరన్ల ఒప్పుకోలు, విశ్వాసి పరిశుద్ధాత్మను కోల్పోగలడని అంగీకరిస్తుంది. పెంతెకొస్తు సంఘాలు ఎక్కువగా వెస్లీ పక్షానికి దగ్గర. ఒకే ఊరిలో రెండు సంఘాలవారు వియ్యమందినపుడు ఇంటిలోనే ఈ చర్చ లేవడం కద్దు.

మెదక్, నిజామాబాదు పల్లెలలో ఇది గ్రంథచర్చగా కాక ఆచరణలో ఎదురైంది. బాప్తిస్మం పొందిన కుటుంబం గ్రామదేవత కొలుపులో పాల్గొన్నా, పిల్లవాడికి జబ్బుచేస్తే తాయెత్తు కట్టించినా, వారు రక్షణ పోగొట్టుకొన్నట్లా? మెదక్ ప్రాంతపు గ్రామ సంఘాలను పరిశీలించి పి.వై.లూక్, జాన్ బి.కార్మన్‌లు 1968లో ప్రచురించిన గ్రంథం, క్రైస్తవులలో ఇటువంటి ఆచారాలు ఎంతగా కలగలిసి ఉన్నవో సవివరంగా తెలిపింది. తరగతి సమావేశాలలో నిందించి తొలగించడమా, ఓర్పుతో తిరిగి చేర్చుకొనడమా అని న్యూకాజిల్‌లో వెస్లీకి ఎదురైన సమస్యే ఇక్కడా ఎదురైందని చెప్పవచ్చు.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలు కలిసిన సంయుక్త సంఘం ఏకమై దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినవి. కాల్విన్ వారసులు, వెస్లీ వారసులు ఒకే ఆరాధనలో చేరారు. ఈ సంఘం ప్రాచీన విశ్వాస ప్రమాణాలను ఆధారంగా స్వీకరించి, రక్షణ పోతుందా పోదా అన్న విషయంలో ఏ ఒక్క పక్షాన్నీ సభ్యులపై విధించలేదు. నిజామాబాదు జిల్లా ఈ సంఘపు మెదక్ అధ్యక్ష మండలంలోనిది. వెస్లీ ప్రవేశపెట్టిన నిబంధన ఆరాధన దక్షిణ ఇండియా సంఘపు ఆరాధన గ్రంథంలో చోటు చేసుకొన్నది.